12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 18 ఎలా వస్తోంది? కెపాసిటర్ ఉబ్బింది, 7805 కాలుతోంది, రిలే వదలడం లేదు

రాయగడ బెంచి:

అందరికీ నమస్కారం. ఓమ్ సూత్రం, ఏసీ డీసీ తేడా వరకూ తెలుసు. పార్టు చేతిలోకి తీసుకుంటే మాత్రం అది అక్కడ ఎందుకుందో అంతు పట్టదు. అందుకే అన్ని రకాల పార్టులూ ఒకే బోర్డు మీద ఉండేలా 5 వోల్టుల సప్లయ్ ఒకటి కట్టాను.

కట్టిన వరస ఇది. ట్రాన్స్‌ఫార్మర్ 12-0-12, 500 మిల్లీ ఆంపియర్లది. మధ్య వైరు, ఒక చివరి వైరు మాత్రమే వాడాను. రెండో చివరకు టేపు చుట్టి వదిలేశాను. తర్వాత 4007 డయోడ్లు నాలుగు, ఏసీని డీసీ చేసే బ్రిడ్జిగా. ఆ తర్వాత 1000 మైక్రోఫారడ్ 16 వోల్టుల కెపాసిటర్, దాని తర్వాత 7805 (వోల్టేజిని 5 దగ్గర నిలబెట్టే రెగ్యులేటర్ చిప్పు). అవుట్‌పుట్ మీద 400 మిల్లీ ఆంపియర్లు లాగే ఎల్ఈడీ పట్టీ, ఇంకా బీసీ547 ట్రాన్సిస్టర్‌తో నడిచే 5 వోల్టుల నీలం డబ్బా రిలే (తీగ చుట్ట అయస్కాంతమై లాగే స్విచ్చు). ట్రాన్సిస్టర్‌ని ఆన్ చేసే బేస్ కాలికి 1 కే (వెయ్యి ఓముల) రెసిస్టర్ పెట్టాను, గీతలు కాఫీ రంగు, నలుపు, నారింజ, బంగారు రంగు. రిలే కాయిల్ మీద ఇంకేమీ లేదు.

ఇప్పుడు పరిస్థితి: లోడు లేకుండా కెపాసిటర్ మీద 18.2 వోల్టులు చూపిస్తోంది. రెండు రోజులకు ఆ కెపాసిటర్ నెత్తి ఉబ్బింది. ఎల్ఈడీ పట్టీ పెడితే 7805 మీద వేలు ఆనడం లేదు, పది నిమిషాలకు పట్టీ ఆరిపోయి, కాసేపటికి దానంతట అదే వెలుగుతోంది. రిలే పది పన్నెండు సార్లు టక్కుటక్కుమని పనిచేసి, ఇప్పుడు పట్టుకున్నది వదలడం లేదు.

పార్టు మార్చేయ్ అంటే మారుస్తాను. కానీ ఎందుకు పోయిందో చెబితే మేలు.

—

పర్లాకిమిడి రేడియో:

ముందు 18 సంగతి చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన 12 అన్నది అల శిఖరం కాదు గురూ. 12 వోల్టుల బ్యాటరీ ఒక బల్బును ఎంత వెలిగిస్తుందో ఈ ఏసీ కూడా అంతే వెలిగిస్తుందని మాత్రమే దాని అర్థం. అల పైకి ఎక్కేటప్పుడు 12ని 1.414తో గుణించినంత, అంటే 17 దాకా ఎక్కుతుంది. కెపాసిటర్ నిండేది ఆ శిఖరం దాకా.

మరి 17 కూడా కాకుండా 18 ఎందుకొచ్చింది? ఆ 12 అనేది పూర్తి 500 మిల్లీ ఆంపియర్లు లాగినప్పుడు, గోడ దగ్గర 230 ఉన్నప్పుడు మాట. చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగ సన్నం, దాని సొంత రెసిస్టెన్స్ ఎక్కువ. ఆ నష్టం లోడు మీద పడుతుందని తెలిసే తయారుచేసేవాళ్లు నాలుగు చుట్లు అదనంగా చుడతారు. లోడు లేనప్పుడు ఆ అదనం అలాగే బయటికి వస్తుంది. గోడ దగ్గర 240 ఉంటే ఇంకాస్త. మీటరు ఏసీలో పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ వైర్ల మీద చూడండి, 13.5 పైనే ఉంటుంది. దాన్ని 1.414తో గుణించి, డయోడ్లు తినే 1.1 తీసేస్తే మీ 18.2 తేలుతుంది.

డయోడ్లు ఎందుకు తింటాయంటే, లోపల రెండు రకాల సిలికాన్ ఒకదానికొకటి ఆనుకుని ఉంటుంది. ఒక వైపు ఎలక్ట్రాన్లు మిగులు, రెండో వైపు వాటికి ఖాళీలు మిగులు. కలిసే చోట ఇటువి అటు పోయి నిండిపోవడంతో, మధ్యలో కరెంటు మోసేవి ఏవీ లేని సన్నటి పట్టీ ఏర్పడుతుంది. సరైన దిక్కున సుమారు 0.6 వోల్టు నెడితే ఆ పట్టీ పలచబడి దారి ఇస్తుంది. ఎదురు దిక్కున నెడితే వెడల్పవుతుంది, దారి మూసుకుపోతుంది. ఆ 0.6 ప్రతి డయోడూ వసూలు చేసే సుంకం అనుకోండి. కరెంటు పెరిగితే 0.9 దాకా కూడా పోతుంది. బ్రిడ్జిలో ఏ క్షణం చూసినా రెండు డయోడ్లు వరసలో ఉంటాయి, కాబట్టి సుంకం రెండింతలు. 4007 ఒంటి మీద తెల్ల గీత ఉన్న వైపు కాథోడ్, కరెంటు బయటికొచ్చే వైపు. మీటరు డయోడ్ గుర్తు దగ్గర పెట్టి ఎరుపు వైరు గీత లేని వైపు, నలుపు గీత వైపు పెడితే 0.5 నుంచి 0.7 చూపించాలి, తిరగేస్తే ఏమీ చూపించకూడదు. రెండు వైపులా సున్నా చూపించి కూస్తే షార్ట్. రెండు వైపులా ఏమీ చూపించకపోతే లోపల తెగిపోయింది.

ఇక కెపాసిటర్. మున్సిపాలిటీ కుళాయి వచ్చినప్పుడు తొట్టి నింపుకుని, రానప్పుడు తొట్టిలోంచి వాడుకుంటాం కదా, ఇదీ అంతే. ఇక్కడ కుళాయి సెకనుకు 100 సార్లు వస్తుంది. ఎందుకంటే బ్రిడ్జి కింది సగం అలని కూడా పైకి తిప్పేస్తుంది. రెండు శిఖరాల మధ్య తొట్టి ఎంత దిగుతుందో లెక్క తేలికే: లోడు కరెంటుని 100తోనూ, కెపాసిటర్ విలువతోనూ భాగించండి. 0.4 ఆంపియరు, 0.001 ఫారడ్ అయితే 4 వోల్టులు. అసలులో కొంచెం తక్కువే దిగుతుంది, ఎందుకంటే నింపుకునే సమయంలో తొట్టి ఖాళీ అవదు. అయినా 4 అనుకుని కట్టుకుంటే మోసపోం. 2200 మైక్రోఫారడ్ పెడితే 1.8కి దిగుతుంది.

అది ఉబ్బింది మాత్రం మైక్రోఫారడ్ల వల్ల కాదు, పక్కన రాసిన 16 వోల్టుల వల్ల. లోపల అల్యూమినియం రేకు చుట్ట, దాని మీద కంటికి కనిపించనంత పలచటి ఆక్సైడు పొర, మధ్యలో ద్రవంతో తడిపిన కాగితం ఉంటాయి. కరెంటుని ఆపేది ఆ పొర ఒక్కటే. 16 వోల్టులదాంట్లో పొర మందం 16కి సరిపడా ఉంటుంది. 18 పెట్టేసరికి పొర గుండా కరెంటు కారుతుంది, లోపల వేడి పుడుతుంది, ద్రవం గ్యాసై నెత్తిని పైకి తోస్తుంది. నెత్తి మీద ప్లస్ ఆకారంలోనో, కే ఆకారంలోనో గాటు ఉండేది అందుకే, అక్కడ చిట్లి గ్యాసు పోవాలని. తిరగేసి కడితే ఇంకా త్వరగా పోతుంది. కాబట్టి గీత ఉన్న కాలు నెగటివ్, పొడుగు కాలు పాజిటివ్ అని టంకం పెట్టకముందే చూసుకోండి.

మీకు 35 వోల్టులది పెట్టమనే చెబుతాను. 25 చాలు అంటారు కొందరు. రాత్రి పది దాటాక లోడు తగ్గి గోడ దగ్గర 250 వచ్చే ఊళ్లలో లెక్క 19 దాటుతుంది, 25కి పెద్ద ఎడం మిగలదు. ధర తేడా ఎంతో ఉండదు.

—

బల్లార్షా వైండింగ్:

7805 గురించి నేను చెప్త తమ్మీ.

అది వోల్టేజిని మింగే సరుకు. లోపలికి 14 వస్తున్నది, బయటికి 5 ఇస్తున్నది అంటే మధ్యల 9 వోల్టులు ఎక్కడికి పోతున్నయ్? వేడిగ మారుతున్నయ్. 9ని 0.4తో గుణిస్తే 3.6 వాట్లు. పావు వాటు రెసిస్టర్ ఎంత వేడెక్కుతదో చూసినవ్ కదా, ఇది దానికి పద్నాలుగింతల వేడి, గోరంత ముక్కల.

హీట్ సింక్, అంటే వేడి లాగే లోహపు ముక్క, లేకుండా 7805కి ఒక్కో వాటుకు లోపలి చిప్పు వేడి 50 నుంచి 65 డిగ్రీలు పెరుగుతది. 3.6కి 180 అయినా పెరగాలె. దానికి గది వేడి కలుపు. దాదాపు 150 దగ్గర చిప్పు తనకు తానే బందు చేసుకుంటది, చల్లారినంక మళ్ల మొదలుపెడ్తది. నీ పట్టీ ఆరి వెలుగుడు ఇదే. పార్టు పాడు కాలే, ప్రాణం కాపాడుకుంటున్నది.

ఇక్కడ ఒక మాట. పుస్తకాలల్ల గది వేడి 25 అని పట్టుకుంటరు. చంద్రపూర్, గడ్చిరోలి దిక్కు ఎండకాలం 45 దాటుతది, మూసిన డబ్బాల ఇంకా ఎక్కువ. లెక్క 45తోనే చెయ్యి. చిప్పుని 125 దాటనియ్యొద్దు అనుకుంటే చేతిల ఉన్నది 80 డిగ్రీలు. 80ని 3.6తో భాగిస్తే వాటుకు 22. అందుల చిప్పు నుంచి రేకు దాకా 5, తెల్ల పేస్టుకు 1 పోతే హీట్ సింకుకు మిగిలేది 16. రెండు మిల్లీమీటర్ల మందం, 7 సెంటీమీటర్ల పొడుగు వెడల్పున్న అల్యూమినియం ముక్క నిలువుగ నిలబెడితే వాటుకు సుమారు 10 డిగ్రీలు పెరుగుతది, సరిపోతది. బోర్లా పండబెడితే గాలి ఆడదు, పనితనం తగ్గుతది. పేస్టు పలచగ రుద్దు. మందంగ పెడితే అదే అడ్డమైతది.

7805 వీపు రేకు గ్రౌండే, మధ్యల కరెంటు ఆపే అబ్రకం ముక్క అక్కర లేదు. ఇట్లాంటి రెగ్యులేటర్లే అయినా 7905కి మాత్రం వీపు ఇన్‌పుట్, ఎల్ఎం317కి అవుట్‌పుట్. అవి డబ్బాకు నేరుగ బిగిస్తే షార్ట్.

వేలు ఆనకపోతే పోయినట్టే అనుకోకు. రేకు 60 దాటితే మనిషి చెయ్యి నిలవదు, 7805కి అది లెక్కనే కాదు.

9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టమని ఎవరన్న చెప్తరు. వేడి సగమైతది, నిజమే. కాని సాయంత్రం గోడ దగ్గర 180కి పడ్డదనుకో, 9 కాస్త 7 అయితది. శిఖరం 10, డయోడ్లు పోంగ 8.4, తొట్టి దిగుడు 1.8 పోతే 6.6. 7805కి లోపల కనీసం 7 ఉండాలె, లేకుంటే 5 నిలవదు, పట్టీ మినుకుమినుకుమంటది. కరెంటు నిలకడ లేని ఊర్లల్ల 12 మంచిదే, వేడిని వేరే తొవ్వల చూసుకోవాలె. ఎల్ఎం2596 బక్ మాడ్యూలు పెడితే ఈ లొల్లే ఉండదు. అది వోల్టేజిని మింగదు, సెకనుకు లక్షన్నర సార్లు ఆన్ ఆఫ్ చేసి కాయిల్ నుంచి పంపుతది, అర వాటు నష్టంతోని పని నడుస్తది. పట్టీ తగిలించక ముందే స్క్రూ తిప్పి 5 చూసుకో, దుకాణం నుంచి వచ్చేటప్పుడు అది ఎంత మీద ఉన్నదో దేవుడికే ఎరుక.

—

జయపురం ల్యాబు:

ఇద్దరూ బాగా చెప్పారు. రిలే సంగతికి ముందు మీ రెసిస్టర్ చూడండి. కాఫీ రంగు 1, నలుపు 0, నారింజ అంటే పక్కన మూడు సున్నాలు. అది 10 కే. మీరు అనుకున్న 1 కేకి మూడో గీత ఎరుపు ఉండాలి. ఎల్ఈడీ బల్బు వెలుతురులో ఎరుపు, నారింజ ఒక్కలాగే కనిపిస్తాయి, అందుకే గీతలు చదివాక కూడా మీటరు పెట్టి చూడటం మానకూడదు. బోర్డు మీద ఉండగా కాదు, ఒక కాలు విప్పి. లేకపోతే పక్క పార్టుల గుండా వెళ్లిన దారి కూడా కలిసి తక్కువ చూపిస్తుంది.

పూర్తి వరస: నలుపు 0, కాఫీ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, వంగపండు రంగు 7, బూడిద 8, తెలుపు 9. చివరి బంగారు గీత 5 శాతం అటూ ఇటూ అని. నీలం ఒంటి మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లలో అయిదు గీతలుంటాయి, మొదటి మూడు అంకెలు, నాలుగోది సున్నాలు. నాలుగు గీతల అలవాటుతో చదివితే అక్కడ తప్పుతారు.

ఇప్పుడు ఆ 10 కే ఏం చేసిందో చూడండి. బీసీ547 మూడు కాళ్లు కలెక్టర్, బేస్, ఎమిటర్. బేస్‌కిచ్చే చిన్న కరెంటు, కలెక్టర్ నుంచి ఎమిటర్‌కి పారే పెద్ద కరెంటుని నడుపుతుంది. బేస్ నుంచి ఎమిటర్‌కి ఉన్నది కూడా డయోడ్ లాంటిదే, 0.7 తింటుంది. మిగిలిన 4.3ని 10,000తో భాగిస్తే 0.43 మిల్లీ ఆంపియరు. రిలే కాయిల్ సాధారణంగా 70 ఓములు, 5 వోల్టుల మీద 71 మిల్లీ ఆంపియర్లు కావాలి. అంటే 165 రెట్లు పెంచమని ట్రాన్సిస్టర్‌ని అడుగుతున్నారు. బీసీ547లో ఆ పెంచే గుణం పార్టుని బట్టి 110 నుంచి 800 దాకా మారుతుంది. మీకు పడింది చాలనిదైతే అది పూర్తిగా తెరుచుకోదు, సగం తెరిచిన గేటులా నిలబడి తన మీదే రెండు మూడు వోల్టులు పడేసుకుని వేడెక్కుతుంది. స్విచ్చుగా వాడేటప్పుడు పట్టిక మీది రెట్లు మరిచిపోయి, బేస్‌కి కాయిల్ కరెంటులో పదిహేనో వంతు ఇవ్వడం పద్ధతి. 71లో పదిహేనో వంతు దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు, 4.3ని దానితో భాగిస్తే 860 ఓములు. 820 గానీ 1 కే గానీ పెట్టండి.

అయినా మీ ట్రాన్సిస్టర్ ప్రాణం తీసింది మాత్రం కాయిల్. తీగ చుట్టలో కరెంటు పారుతుంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం నిలిచి ఉంటుంది. స్విచ్ ఆపేయగానే ఆ క్షేత్రం కూలుతూ, అప్పటిదాకా పారిన కరెంటుని ఇంకా పారించాలని చూస్తుంది. దారి లేదు కాబట్టి వోల్టేజి పెంచుకుంటూ పోతుంది, వందల్లోకి కూడా వెళ్తుంది. బీసీ547 కలెక్టర్ తట్టుకునేది 45 వోల్టులు. పది పన్నెండు సార్లు కొరడా దెబ్బలు తిని, కలెక్టర్ ఎమిటర్ లోపలే అతుక్కుపోయాయి. అందుకే రిలే వదలడం లేదు. విప్పి కలెక్టర్ ఎమిటర్ మధ్య మీటరు పెట్టండి, అటూ ఇటూ కూస్తుంది.

మందు చవకైనది. కాయిల్‌కి అడ్డంగా ఒక 4007 పెట్టండి, తెల్ల గీత ప్లస్ వైపు. మామూలుగా దాని గుండా ఏమీ పారదు, స్విచ్ ఆపిన క్షణంలో మాత్రం కాయిల్ కరెంటు దాని గుండా తిరిగి చల్లారుతుంది. తిరగేసి పెడితే ట్రాన్సిస్టర్ ఆన్ కాగానే సప్లయ్ షార్ట్, ట్రాన్సిస్టర్ మళ్లీ పోతుంది. బీసీ547 హద్దు 100 మిల్లీ ఆంపియర్లు, మీరు 71 దగ్గరున్నారు. బీసీ337 పెడితే నిశ్చింత. కాళ్ల వరస రెండింటికీ ఒకటే: చదును ముఖం మన వైపు, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ప్లాస్టిక్ 2222 వాడాలనుకుంటే మాత్రం జాగ్రత్త. ముందు పీ2ఎన్ అని ఉన్నదానికి ఇదే వరస, పీఎన్ అని ఉన్నదానికి తిరగబడుతుంది.

ఇక ఎవరూ ముట్టుకోనిది ఒకటుంది, ట్రాన్స్‌ఫార్మర్. కెపాసిటర్ ఉన్న బ్రిడ్జి, శిఖరం దగ్గర మాత్రమే గబుక్కున కరెంటు లాగుతుంది. ఆ గుక్కలు పెద్దవి. వైండింగ్ వేడెక్కేది వాటి ప్రకారం. అందుకని 500 మిల్లీ ఆంపియర్ల వైండింగ్ నుంచి బ్రిడ్జి ద్వారా నిలకడగా తీసుకోగలిగింది అందులో 0.62 వంతే, అంటే 310. మీరు పట్టీకి 400, రిలేకి 71 అడుగుతున్నారు. దాని మీద కూడా చెయ్యి పెట్టి చూడండి.

పైసా ఖర్చు లేని దారి మీ టేపు కింద ఉంది. వదిలేసిన ఆ రెండో చివర విప్పండి. రెండు చివరలకూ ఒక్కో డయోడ్, రెండు డయోడ్ల గీత వైపులూ కలిపి కెపాసిటర్ ప్లస్‌కి, మధ్య వైరు నెగటివ్‌కి. రెండు డయోడ్లు తీసేయండి. ఒక అర చక్రంలో ఒక సగం, రెండో అర చక్రంలో రెండో సగం పనిచేస్తుంది, ఒక్కోటీ సగం సేపు విశ్రాంతి తీసుకుంటుంది. అప్పుడు నిలకడగా 500 దాకా తీయొచ్చు. నాలుగు డయోడ్ల బ్రిడ్జిని రెండు చివరల మధ్య పెట్టి, మధ్య వైరు వదిలేసే పని మాత్రం చేయకండి. అప్పుడు 24 వోల్టుల ఏసీ అవుతుంది, లోడు లేనప్పుడు కెపాసిటర్ మీద 37 దాటుతుంది. 7805 హద్దు 35.

—

రాయగడ బెంచి:

బల్బు ఆపి పగటి వెలుతురులో చూశాను. నారింజే. మీటరు 9.9 కే చూపించింది. 547 కలెక్టర్ ఎమిటర్ అటూ ఇటూ కూస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ ఏసీ 13.7.

రెండు సందేహాలు. కెపాసిటర్లలో 104 అని రాసిన చిన్న పసుపు బిళ్లలు చాలామంది 7805 పక్కన పెడతారు, నేను పెట్టలేదు. 2200 ఉండగా అంత చిన్నది ఎందుకు? రెండోది, పాడైన ఎల్ఈడీ బల్బులు డబ్బా నిండా ఉన్నాయి. వాటిలోంచి పార్టులు తీసుకోవచ్చా?

—

పర్లాకిమిడి రేడియో:

104 అంటే 10 పక్కన నాలుగు సున్నాల పికోఫారడ్లు, అంటే 0.1 మైక్రోఫారడ్. పెద్ద తొట్టికి చుట్ట పొడుగు ఎక్కువ, చప్పున వచ్చే మార్పుకి అది అందుకోలేదు. 7805 లోపల అవుట్‌పుట్‌ని చూసుకుంటూ సరిదిద్దే యంత్రాంగం ఉంటుంది. దగ్గర్లో చిన్నది లేకపోతే అది తనలో తానే ఊగిసలాడి, మీటరుకి 5 చూపిస్తూనే రేడియోలో గరగరలు పుట్టిస్తుంది. ఇన్‌పుట్ కాలికి 0.33, అవుట్‌పుట్ కాలికి 0.1, రెండూ కాళ్ల పక్కనే, సెంటీమీటరు దూరం లోపల. తీగ లాగి దూరంగా పెడితే పెట్టనట్టే.

బల్బుల డబ్బా సంగతి జాగ్రత్త గురూ. చవక బల్బుల్లో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 400 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ ఒకటి మెయిన్సుకి వరసలో పెట్టి కరెంటుని తగ్గిస్తారు, మైక్రోఫారడ్‌కి 70 మిల్లీ ఆంపియర్ల లెక్కన. దాంతో తగ్గేది కరెంటు, షాకు కాదు. హోల్డరులో ఉండగా ఎల్ఈడీ పలక మొత్తం ఫేజు మీదే ఉందనుకోవాలి. హోల్డరులోంచి తీసి, లోపలి ఎలక్ట్రోలిటిక్ (మీకు ఉబ్బిన రకం) కెపాసిటర్ కాళ్ల మీద మీటరు డీసీలో పెట్టి, ఇంకా వోల్టులు ఉంటే 10 కే 2 వాట్ల రెసిస్టర్ ఆనించి దించి, అప్పుడు విప్పండి. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్‌మనిపించే అలవాటు వద్దు. డయోడ్లు, ఫిల్మ్ కెపాసిటర్లు పనికొస్తాయి. ఎలక్ట్రోలిటిక్‌లు మాత్రం పారేయండి, బల్బు వేడిలో ఉడికి ఉంటాయి.

ఇంకోటి. వానాకాలం మన కొండల్లో పిడుగులు ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి (గోడ కరెంటు వచ్చే చుట్టకి) ముందు 250 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు, దాని తర్వాత ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 471 అని రాసిన నీలం బిళ్ల వారిస్టర్ పెట్టండి. 470 వోల్టుల దగ్గర అది దారి ఇచ్చేస్తుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజు లేకుండా బిళ్ల ఒక్కటీ పెడితే అదే కాలుతుంది. నేరుగా పిడుగు పడితే దీనితో ఆగదు, ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకడమే.

—

జయపురం ల్యాబు:

కట్టేముందు ఒక లెక్క సవరించుకోండి. రెండు డయోడ్ల పద్ధతిలో ట్రాన్స్‌ఫార్మర్‌కి కష్టం తగ్గుతుంది, లోడు మీద కెపాసిటర్ దగ్గర 14 కాదు, 15 నిలుస్తుంది. రిలే కూడా కలిపితే 0.47 ఆంపియరు. పది వోల్టుల తేడా మీద 4.7 వాట్లు, పైన వేసిన హీట్ సింక్ లెక్క బిగుసుకుపోతుంది. కెపాసిటర్‌కీ 7805కీ మధ్య 4.7 ఓములు, 5 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్ పెట్టండి. అది 2.2 వోల్టులు తన మీద వేసుకుని ఒక వాటు వేడి బయట పారేస్తుంది, 7805కి మిగిలేది 3.7. పది ఓములు పెడితే ఇంకా చల్లగా ఉంటుంది కానీ, గోడ దగ్గర 180 ఉన్నప్పుడు 7 కంటే కిందికి జారుతుంది. 0.33 బిళ్ల ఈ రెసిస్టర్ తర్వాత రావాలి, ముందు పెడితే ఉపయోగం లేదు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ప్రైమరీకి వరసలో 25 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఒక్కసారి మెరిసి మసకబారితే సరే. అలాగే ఎర్రగా మండుతూ ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, పార్టులు పోకముందే ప్లగ్గు పీకొచ్చు.

—

రాయగడ బెంచి:

అన్నీ చెప్పినట్టే మార్చాను. సిరీస్ బల్బు ఒక్కసారి మెరిసి ఆరింది. లోడు మీద కెపాసిటర్ దగ్గర 14.8, సిమెంటు రెసిస్టర్ తర్వాత 12.6, అవుట్‌పుట్ 5.01. కెపాసిటర్ మీద మీటరు ఏసీలో పెడితే 0.6. గంట నడిపినా పట్టీ ఆరలేదు. రిలే వందసార్లు కొట్టించాను, ప్రతిసారీ వదులుతోంది.

లోడు తీసేస్తే మాత్రం కెపాసిటర్ మీద ఇదివరకు 18.2 ఉండేది, ఇప్పుడు 18.8. ఎక్కడైనా తప్పు కట్టానా?

—

పర్లాకిమిడి రేడియో:

తప్పేమీ లేదు. ఇదివరకు దారిలో రెండు డయోడ్లు, ఇప్పుడు ఒకటి. ఒక సుంకం మిగిలింది, అదే ఆ 0.6.

ఏసీలో చూసిన 0.6 కూడా లెక్కకి సరిపోయింది. ఆ రంపపు పళ్ల అలకి మీటరు చూపించేదాన్ని మూడున్నరతో గుణిస్తే అసలు ఊగిసలాట వస్తుంది, 2.1. అది 0.47ని 100తోనూ 0.0022తోనూ భాగిస్తే వచ్చేదే. మీటరు ఏసీలో డీసీని కూడా కలిపి చూపించే రకమైతే ఈ లెక్క కుదరదు, అప్పుడు వరసలో ఒక 104 పెట్టి చూడాలి.

—

బల్లార్షా వైండింగ్:

కెపాసిటర్ ఎక్కడ పెట్టినవ్ తమ్మీ? హీట్ సింక్‌కు గానీ, ఆ తెల్ల సిమెంటు రెసిస్టర్‌కు గానీ ఆనుకొని ఉంటే రెండు సెంటీమీటర్లు జరుపు. ఒంటి మీద అది తట్టుకునే వేడి 85 డిగ్రీలు అని ఉన్నదా, 105 అని ఉన్నదా చూడు. పది డిగ్రీలు తగ్గించిన కొద్దీ దాని ఆయుష్షు సుమారు రెండింతలైతది. సిమెంటు రెసిస్టర్‌ని కూడా బోర్డుకు ఆనియ్యకు, కాళ్ల మీద అర సెంటీమీటరు లేపి టంకం పెట్టు, లేకుంటే కింద బోర్డు గోధుమ రంగుకు మాడి టంకం వదులైతది.